ఉలవ కట్టె మీద ఇటలీ కారు

తిరువూరులో కారు కొనాలనుకున్నవాడు షోరూముకి పోయేముందు మరియదాసు మాస్టారిని ఒక మాట అడిగి పోతాడు. ఇందులో కొంచెం అతిశయోక్తి ఉంది గానీ ఆ సంగతి మాస్టారి ముందు ఎవరూ అనరు. భద్రాచలం వెళ్లే రోడ్డు పక్కన వీరరాఘవయ్య టైర్ల కొట్టుంది. బడి అయ్యాక ఇంటికొచ్చి, టీ తాగి, చొక్కా మార్చుకుని మరియదాసు అక్కడ తేలతాడు. కొట్టు ముందు పడేసిన పాత లారీ టైరు మీద కూర్చుంటాడు. ఇక ఫలానా బండికి రేకు పల్చన, ఫలానా దానికి గేర్లు గట్టి, ఫలానా యూట్యూబరు కంపెనీవాళ్ల ఉప్పు తిని పొగుడుతున్నాడు, ఫలానావాడికి క్లచ్చు ఏదో బ్రేకు ఏదో తెలీదు. వినేవాళ్లు దొరకాలే గానీ దీపాలు పెట్టేవేళ దాటినా లేవడు.

ఇంతా చేసి ఆయన నడిపేది పాత చిన్న కారు, అదీ ఇంకొకరు వాడి వదిలేసింది. ఎదురుగా లారీ కనిపిస్తే చాలు, రోడ్డు దిగి మట్టిలో ఆగి, అది వెళ్లిపోయాక మళ్లీ రోడ్డెక్కుతాడు. "మీ నోటికున్న స్పీడు మీ కాలికుంటే, ఏటా గుణదల తిరునాళ్లకి బస్సులో నిలబడి పోయే ఖర్మ తప్పేది నాకు," అంటుంది భార్య గ్లోరి. ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. మాట కూడా సూదిలాగే దిగుతుంది.

ఆయన్ని ఎగతాళి చెయ్యడం తేలికే. ఈ కార్ల పిచ్చి ఎక్కడ మొదలైందో తెలిస్తే కాస్త జాలి కూడా కలుగుతుంది. గంపలగూడెం వెళ్లే రోడ్డుకి లోపలగా ఒక పల్లెలో పుట్టాడు మరియదాసు. తండ్రి ఏసోబు కూలికి పోయేవాడు. మామిడి కోతల కాలంలో రెడ్డిగూడెం తోటల్లోనే పడి ఉండేవాడు. ఆ పల్లెకి వచ్చే నాలుగు చక్రాల బండి ఒక్కటే, ఫాదర్ గారి జీపు. పూజ అయ్యాక అది ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు. పిల్లలంతా కలిసి తోసేవాళ్లు. అది దగ్గి, పొగ కక్కి కదిలాక, తోసినవాళ్లని ఊరి చివరిదాకా ఎక్కించుకునేవారు ఫాదర్. ఆ కాస్త దూరమే మరియదాసుకి పండగ. బండిలో కూర్చున్నవాణ్ణి జనం తలెత్తి చూస్తారని అప్పుడే తెలిసింది. తర్వాత హాస్టల్లో ఉండి చదివాడు, టీచరు ట్రైనింగు అయ్యాడు, ఆ మండలంలోనే చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పే ఉద్యోగం సంపాదించాడు. గౌరవం దొరికింది. ఆ తలెత్తి చూడటం మాత్రం మళ్లీ దొరకలేదు.

కరోనా రోజుల్లో ఆన్‌లైను పాఠాల కోసమని పెద్ద ఫోను కొన్నాడు. పాఠాలు మూణ్ణాళ్ల ముచ్చటయ్యాయి, ఫోను చేతిలో ఉండిపోయింది. అందులో కార్ల వీడియోలు. తెల్లవాళ్లవి, మలయాళీలవి, హైదరాబాదు కుర్రాళ్లవి. ఏ వీడియో చూసినా కింద కామెంట్లలో జనం జుట్లు పట్టుకుంటున్నారు. ఖరీదైన కారు కొని, రంగు మార్చి, పక్కలు వెడల్పు చేయించి, సైలెన్సరు తీయించి ఊరంతా వినపడేలా అరిపిస్తే అది కళ అని కొందరు. బంగారంలాంటి బండిని ఖూనీ చేశాడని కొందరు. మరియదాసు కూడా ఒక పేరు పెట్టుకుని ఆ గోదాలోకి దిగాడు. ఆ పేరు పిస్టన్ మాస్టారు.

మొదట్లో భయంభయంగా రాశాడు. ఒకసారి, ఒళ్లంతా బొమ్మలు అంటించిన కారు చూసి "పెళ్లికూతురికి పులివేషం వేశావు కదయ్యా" అని రాస్తే లైకులు కుప్పలు పడ్డాయి. ఆ రుచి మరిగాక ఇక ఆగలేదు. బాగున్న బండిని బాగుందంటే ఎవడూ తిరిగి చూడడు, వెటకారం చేస్తే పదిమంది చేరతారు. చూసినప్పుడు తనకేమనిపించిందో పక్కన పెట్టి, ఏమంటే నలుగురూ నవ్వుతారో అది రాయడం అలవాటైంది. తప్పు అక్కడే మొదలైంది. ఆ మాట ఎవరూ ఆయనకి చెప్పలేదు, చెప్పినా వినేవాడు కాదు.

పిస్టన్ మాస్టారి చేతిలో అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నవాడు కిరీటి. రెడ్డిగూడెం మామిడి తోటల కుటుంబంలో కుర్రాడు. హైదరాబాదులో ఉండి తెలుగులో కార్ల వీడియోలు చేస్తాడు. అరుపులూ కేకలూ ఉండవు. తెలియనిది తెలియదనే చెబుతాడు. అలాంటివాణ్ణి వెక్కిరించడం ఇంకా సులువు. అతను ఎవరో వాడిన ఇటలీ కారు ఒకటి కొని, బంగినపల్లి పండు రంగు వేయించి, వెనక పక్కలు వెడల్పు చేయించి వీడియో పెట్టాడు. మరియదాసు దాన్ని మళ్లీ మళ్లీ చూశాడు. మిషను మీద ఉన్న గ్లోరిని లేపి మరీ చూపించాడు. అంతా అయ్యాక కింద ఇలా రాశాడు: "నీళ్లు చూసి చీర ఎత్తిపట్టుకున్న ముసలమ్మలా నిలబడింది నీ బండి. కాస్త కిందికి దించవయ్యా, పరువు నిలుస్తుంది."

ఆ వీడియో కింద అంత పేరు తెచ్చుకున్న కామెంటు మరొకటి లేదు. ఆ తర్వాత చాలాకాలం కిరీటి ఏ వీడియో పెట్టినా "ముసలమ్మ కులాసానా?" అని అడిగేవాళ్లే. మరియదాసు టైర్ల కొట్టు దగ్గర ఆ కామెంటు చదివి వినిపించి, ఎవడో గానీ భలే రాశాడని తనే నవ్వేవాడు.

మొన్న ఉలవ కోతలప్పుడు, ఒక సెలవురోజు సాయంత్రం, వీరరాఘవయ్య కొట్టు ముందుకి అదే కారు వచ్చి ఆగింది. కిరీటి గంపలగూడెంలో చుట్టాల గృహప్రవేశానికి పోతూ, టైర్లలో గాలి చూపించుకుందామని దిగాడు. నిమిషంలో రోడ్డు నిండిపోయింది. వీరరాఘవయ్య గాలి సంగతి మరిచిపోయి, మరియదాసుని రెక్క పట్టుకుని ముందుకి లాగాడు.

"మా మాస్టారండి. కార్ల విషయంలో మా ఊరికి ఈయనే సుప్రీంకోర్టు."

మరియదాసు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. కిరీటి చేతులు జోడించాడు.

"నమస్కారం మాస్టారూ. ఎలా ఉందో మీరే చెప్పాలి."

"అద్భుతంగా ఉందండి," అన్నాడు మరియదాసు. అబద్ధం కాదు, కానీ అబద్ధం చెప్పినవాడిలాగే చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ ఈ కుర్రాణ్ణి ఎన్నెన్ని మాటలన్నాడో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది.

"గంపలగూడెం దాకా రోడ్డు ఎట్లా ఉంటుందండి? బండి బాగా కిందికి ఉంది, అదే నా భయం."

"నేనొస్తాను పదండి, దారి చూపిస్తా." ఎవరూ అడక్కుండానే వచ్చేసిందా మాట. ఆ కారులో ఒక్కసారి కూర్చోవాలన్న కోరిక సిగ్గుని పక్కకి నెట్టేసింది.

కూర్చోవడమంటే గోతిలోకి దిగినట్టే దిగాడు. కళ్లెదురుగా రోడ్డు తప్ప ఇంకేమీ కనిపించలేదు. తిరువూరు దాటాక కిరీటి కబుర్లలో పడ్డాడు.

"కామెంట్లు చదువుతారా మాస్టారూ మీరు?"

"ఎప్పుడన్నా."

"పిస్టన్ మాస్టారని ఒకాయన ఉన్నాడండి. తిడతాడు గానీ బళ్ల గురించి తెలిసినాయనే అనిపిస్తుంది. ఆయనా, ఆయన వెనకాల జనమూ ఒకటే గోల పెట్టారు, దించు దించు అని. చివరికి స్ప్రింగులు మార్పించి దించాను. మెకానిక్కు వద్దనే అన్నాడు."

మరియదాసుకి మొదట ఒళ్లు చల్లబడింది. తర్వాత, దేవుడు మన్నించుగాక, ఛాతీ పొంగింది. ఇంట్లో కూర్చుని తను రాసిన ఒక్క మాటకి ఇటలీ కారు నేలకి వంగింది! అది నేనేనండి అని నాలుక చివరిదాకా వచ్చింది. మిగతా కామెంట్లు గుర్తొచ్చి మింగేశాడు. కానీ ఆ పొంగు మాత్రం దిగలేదు.

కాసేపటికి రోడ్డు రెండుగా చీలింది. తిన్నగా పోతే మంచి తారురోడ్డు, గంపలగూడెం సెంటరుకే పోతుంది. ఎడమకి తిరిగితే మరియదాసు పుట్టిన పల్లె మీదుగా చుట్టుదారి.

"ఎటండి?"

"ఎడమకి పోనివ్వండి," అన్నాడు మరియదాసు.

ఇంతకంటే దాపరికం అనవసరం. ఆ వేళప్పుడు పల్లెలో జనమంతా రోడ్డు మీదే ఉంటారు. ఏసోబు కొడుకు, మామిడి తోటలవారి అబ్బాయి పక్కన, పండు రంగు కారులో ముందు సీట్లో కూర్చుని పోతుంటే వాళ్లు తలెత్తి చూడాలి. ఆ ఒక్క చూపు కోసం దారి తప్పించాడు.

జనం రోడ్డు మీదే ఉన్నారు. ఉలవ కట్టె కూడా రోడ్డు మీదే ఉంది. ఆ చుట్టుపక్కల కోసిన ఉలవ కట్టెని, అంటే కాయలతో ఉన్న మొక్కల్ని, ఎండాక రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బస్సులూ ట్రాక్టర్లూ తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. తొక్కించుకోవడం రైతు హక్కు, తొక్కి పోవడం బండివాడి మర్యాద. తప్పించుకుని పక్కనుంచి పోయేవాణ్ణి, "మా పంట తొక్కితే నీ టైర్లు అరుగుతాయా?" అని వెనక నుంచి కేకేస్తారు. ఈ పల్లెలో ఆ రోజు పరిచింది మరియదాసు మేనత్త పిచ్చమ్మ. రోడ్డుకి ఒక పక్క, వేపచెట్ల కిందగా, బండి పట్టేంత ఖాళీ వదిలింది కూడా.

కిరీటి కారు ఆపాడు. "మాస్టారూ, ఆ పక్కనుంచి పోదామండి. కింద అసలు సందు లేదు."

పక్కనుంచి పోతే చెట్ల చాటున పడిపోతారు. జనం ఇటు నిలబడి ఉన్నారు. పిచ్చమ్మ అప్పటికే చూసింది. "ఒసే, మన దాసు కారులో వచ్చాడే!" అని అందరినీ పిలుస్తోంది.

"బస్సులే పోతాయండి దీని మీద. పక్కనుంచి పోతే ముసలావిడ చిన్నబుచ్చుకుంటుంది. నిదానంగా పోనివ్వండి, ఏం కాదు," అన్నాడు మరియదాసు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు.

ఏటా ఈ రోజుల్లో, కట్టె చుట్టుకుని ఎక్కడో ఒకచోట చిన్న కారు తగలబడిందని పేపర్లో వస్తూనే ఉంటుంది. టైర్ల కొట్టు దగ్గర వాటి గురించి ఉపన్యాసాలిచ్చిందీ ఈయనే. బస్సు ఎత్తు వేరు, దీని ఎత్తు వేరని బడిలో పిల్లాడికి కూడా తెలుసు. తెలిసీ అన్నాడు. జనం చూస్తుంటే అన్నాడు.

కారు కట్టెని ఈడ్చుకుంటూ కదిలింది. మధ్యకి వెళ్లేసరికి అడుగునంతా కుక్కుకుపోయి, చక్రాలు జారి ఆగింది. వేడెక్కిన సైలెన్సరు, ఎండిన కట్టె. ముందు వాసన వచ్చింది, తర్వాత వెనక నుంచి పొగ. ఇద్దరూ దూకేసరికి మంట బయటపడింది. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చారు, మగవాళ్లు ఇసక చల్లారు, తడి గోనెలు వేశారు. మరియదాసు పిచ్చివాడిలా మండుతున్న కట్టెని చేతులతో లాగి పారేశాడు. మాస్టారి చెయ్యి కాలడం తప్ప మనుషులకేమీ కాలేదు. కారు వెనక సగం, పిచ్చమ్మ ఉలవల్లో చాలాభాగం బూడిదైపోయాయి. కిరీటి రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

ఫోన్లలో తీసినవాళ్లు తీశారు. అందులో కనిపించిందల్లా మాస్టారు కాలుతున్న చేతులతో మంట ఆర్పడం. చేతికి కట్టు కట్టించుకుని వచ్చేసరికి మరియదాసు వీరుడైపోయాడు. బడిలో హెడ్మాస్టరు శాలువా కప్పాడు. పిల్లల చేత చప్పట్లు కొట్టించాడు. ఆ శాలువా భుజం మీద పడినప్పుడు మరియదాసుకి తల కొట్టేసినట్టయింది.

వారానికి కిరీటి వీడియో పెట్టాడు. కాలిన కారు చూపించి, "తప్పు నాదే. చూసుకుని పోవాల్సింది," అన్నాడు. దారి ఎవరు చూపించారో చెప్పలేదు. "మరియదాసు మాస్టారు లేకపోతే ఇంకా నష్టం జరిగేది, ఆయనకి జన్మంతా రుణపడి ఉంటా," అన్నాడు. పిచ్చమ్మ ఇంటికి వెళ్లి ఆమె నష్టం పూడ్చి, క్షమించమని అడిగి వచ్చిన సంగతి కూడా వీడియోలో లేదు. పల్లెలో వాళ్లు చెప్తేనే తెలిసింది.

కింద కామెంట్లు చూడాలి! వ్యూస్ కోసం తనే తగలబెట్టుకున్నాడన్నారు. డబ్బు మదంతో ముసలిదాని పంట కాల్చాడన్నారు. బుర్ర లేనివాడికి ఇటలీ కారెందుకన్నారు. ప్రతి మాటలోనూ మరియదాసుకి తన వెటకారమే వినిపించింది. తను నేర్పిన పాఠం పిల్లలు ఒప్పజెప్పినట్టుంది. మధ్యమధ్య పిలుపులు: "పిస్టన్ మాస్టారూ, ఎక్కడున్నావు? నువ్వొక్కటి తగిలిస్తే గానీ మజా రాదు." ఇంకో రెండు రోజులకి కిరీటి రెండే వాక్యాలు రాసి పెట్టాడు: ఇంట్లోవాళ్లు కూడా ఇవన్నీ చదువుతున్నారు. ఇక వీడియోలు ఆపేద్దామనుకుంటున్నాను.

ఆ ఆదివారం గుడిలో ఫాదర్ ప్రసంగం మధ్యలో మరియదాసు పేరెత్తి, పొరుగువాడి కోసం చేతులు కాల్చుకున్నవాడని మెచ్చుకున్నారు. జనమంతా తిరిగి చూశారు. చిన్నప్పటినుంచీ కోరుకున్న చూపు అదే. భూమి చీలితే అందులో దూరేవాడు. దివ్యసత్ప్రసాదం వేళకి అందరూ లేచి వరసలో నిలబడ్డారు. మరియదాసు లేవలేదు; పాపం ఒప్పుకోకుండా దాన్ని తీసుకోకూడదు. ఒంటరిగా బెంచీ మీద కూర్చుని తన కట్టు వైపే చూసుకున్నాడు. గ్లోరి వెళ్లొచ్చి పక్కన మోకరించింది గానీ ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చాక అడిగింది. అప్పుడు అంతా చెప్పాడు. పిస్టన్ మాస్టారెవరో, కారు ఎవరి మాట మీద దిగిందో, దారి ఎందుకు మళ్లిందో, కిరీటి వద్దంటే తనేమన్నాడో. చెబుతూ ఏడ్చాడు.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నారు?" అంది గ్లోరి. "నేనేమన్నా ఆ కారు కొన్నానా? అనేటప్పుడు ఊరందరి ముందూ అన్నారు. ఒప్పుకునేటప్పుడు వంటింట్లోనా?"

మర్నాడు బడి అయ్యాక చెట్టు కింద కూర్చుని రాశాడు. పిస్టన్ మాస్టారు పేరుతోనే మొదలుపెట్టి, కింద తన అసలు పేరూ ఊరూ రాశాడు. దించమన్నది నేను, ఆ దారిన తీసుకెళ్లింది నేను, అతను ఆపితే పోనివ్వమన్నది నేను, నలుగురూ నన్ను చూడాలని చేశాను, కిరీటి గారి తప్పేమీ లేదు. వెటకారం ఒక్క ముక్క లేదు.

జవాబులు రానే వచ్చాయి. ఎవడ్రా ఈ నకిలీ మాస్టారని ఒకడు. అకౌంటు అమ్ముకున్నాడని ఒకడు. మాస్టారు రాస్తే ఇట్లా చప్పగా ఉంటుందా అని ఇంకొకడు. ఇన్నేళ్లలో నిజం రాసింది ఒక్కసారి, దాన్ని ఎవరూ నమ్మలేదు.

తిరువూరులో మాత్రం నమ్మారు. ఆ సాయంత్రం కొట్టు దగ్గరికి వెళ్తే, "రండి మాస్టారూ," అన్నాడు వీరరాఘవయ్య, ఎప్పటిలాగే. టైరు మీద చోటు కూడా ఉంది. ఎవరూ కార్ల మాటెత్తలేదు. వర్షాలు, పత్తి, పెళ్లిళ్లు. కొత్త కారు కొనబోతున్నవాడొకడు అక్కడే ఉండి కూడా, మాస్టారి వైపు చూడకుండా టీ తాగాడు. లేచిపోదామని మరియదాసు చెప్పులు వేసుకుంటుంటే ఫోను మోగింది.

"మాస్టారూ, కిరీటినండి. చదివాను."

కొట్టు దగ్గర అందరూ మాటలాపేశారు.

"దారి సంగతి వదిలేయండి, నడిపింది నేను. ఒక్కటే అడుగుతా, నిజం చెప్పండి. బండి దించమని రాశారు కదా. దించితే బాగుంటుందని మీకు నిజంగానే అనిపించిందా?"

మరియదాసు కళ్లు మూసుకున్నాడు. గ్లోరిని మిషను మీద నుంచి లేపి చూపించిన కారు కనిపించింది. చూడవే, ఎంత ఠీవిగా నిలబడిందో అన్నాడు ఆ రోజు ఆమెతో. ఆ మాటే రాసి ఉంటే సరిపోయేది.

"లేదండీ," అన్నాడు. "దించకముందే బాగుండేది."



"నాకూ అప్పుడే నచ్చేదండి," అన్నాడు కిరీటి. ఫోను పెట్టేశాడు.